‘మందు కొట్టాడు’ అంటే ఆస్పత్రిలో ఏమని రాసుకున్నారు?



ఈసారి పోస్టు పంట గురించి కాదు. పత్తిలో గులాబీ రంగు పురుగు సంగతి రాస్తానని మాటిచ్చా, అది వచ్చే వారం. ఇది చాన్నాళ్ళ నుంచి మనసులో మెదులుతున్న విషయం. పొడుగ్గానే ఉంటది. పనులు చూసుకుని రాత్రి తీరిగ్గా చదవండి.

మన మాటలో ‘మందు’కి మూడు అర్థాలు. జ్వరమొస్తే మింగేది మందు. సాయంత్రమైతే కొందరు తాగేదీ మందే. పురుగుకి పిచికారీ చేసేదీ మందే. ‘మందు కొట్టడం’ అంటే మనకి పంపు తగిలించుకుని చేలోకి దిగడం. టౌన్లో పుట్టి పెరిగిన కుర్రాడికి ఆ మాటకి ఒకటే అర్థం. వినడానికి నవ్వులాటగా ఉంది కదా. మా తమ్ముడికి ప్రాణం మీదికొచ్చింది.

పోయిన ఏడాది సెప్టెంబరు. పత్తికి ప్రొఫెనోఫాస్ కొడుతున్నాడు. ఉక్కపోత రోజు, గాలి ఒక దిక్కున నిలవట్లేదు. ట్యాంకు మూత దగ్గర కారుతోంది, వీపంతా తడిసిపోయింది. మధ్యాహ్నానికి చేలోనే కూలబడ్డాడు. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, వాంతులు, కళ్ళు మసకలు. పక్క చేను బాబాయీ నేనూ ఆటోలో వేసుకుని టౌన్లో ఆస్పత్రికి తీసుకుపోయాం. ఏ ఆస్పత్రో రాయను. చివరికి ప్రాణం నిలబెట్టింది కూడా వాళ్ళే.

క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు ఏమైందని అడిగాడు. బాబాయి చెప్పాడు, “మందు కొట్టి పడిపోయాడయ్యా” అని. మన భాషలో ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఆ కుర్రాడు మొహం చిట్లించి, “పట్టపగలే మొదలెడతారు వీళ్ళు” అని పక్కన ఉన్న అమ్మాయితో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఎంత తాగాడు? రోజూ తాగుతాడా?” అన్నాడు.

“తాగుడు కాదు సార్, పురుగుమందు” అన్నా.

అప్పుడు మొహం ఇంకో రకంగా మారింది. గొంతు తగ్గించి, “ఇంట్లో గొడవైందా? అప్పులేమన్నా ఉన్నాయా?” అని మొదలుపెట్టాడు. తాగలేదు, పిచికారీ చేస్తుంటే ఒంటి మీద పడింది అని మూడుసార్లు చెప్పా. మూడోసారికి, “అందరూ అట్లాగే చెప్తారు పెద్దాయనా. కేసవుద్దని దాస్తారు. నిజం చెప్తేనే వైద్యం” అన్నాడు. అప్పుడే వచ్చిన మా మరదలు ఆ మాట విని, నిజంగా తాగాడేమోనని అక్కడే కూలబడి ఏడుపు.

ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడగడం మొదలెట్టారు. మందు కడుపులో ఉంటే కదా! చొక్కాలో ఉంది. ఆ తడి చొక్కా అట్లాగే ఒంటి మీద ఉంది. తీయమని నేను అంటుంటే నన్ను బయటికి పంపారు. కాసేపటికి డ్యూటీ మారి ఒక పెద్దావిడ, స్టాఫ్ నర్సు, వచ్చింది. మంచం దగ్గరికి వస్తూనే, “వాసనంతా వీపు దగ్గర కదా, చొక్కా ఎందుకు తీయలేదు?” అని కత్తెరతో కోసి పారేసి, తలా వీపూ సబ్బు నీళ్ళతో కడిగించింది. వాళ్ళ నాన్న మిరప తోటల్లో కూలికి పోయేవాడట, తర్వాత మాటల్లో చెప్పింది. అట్రోపిన్ ఇంజక్షన్లు అప్పటికే మొదలయ్యాయి, ఆ మాట నిజం. కానీ ఒక పక్క చర్మం లోంచి విషం దిగుతుంటే ఇంకో పక్క ఇంజక్షను ఎంతని లాక్కొస్తుంది? ముప్పావు గంట ఆ చొక్కా ఒంటి మీద ఉంది.

ఐదు రోజులకి ఇంటికి పంపారు. చేతిలో పెట్టిన డిశ్చార్జి కాగితంలో ‘పురుగుమందు తాగినట్టు చెబుతున్నారు’ అని ఇంగ్లీషులో రాసుంది. చెబుతున్నది ఎవరు? మేం చెప్పింది దానికి సరిగ్గా ఎదురు. మార్చమని అడిగితే, “ఏదైతే ఏంటి, మనిషి బతికాడుగా” అన్నారు.

ఏదైతే ఏంటా? ఆ ఒక్క మాట వల్ల ఇంటికి కానిస్టేబులు వచ్చాడు. ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. మా తమ్ముడికి పెళ్ళి కావాల్సిన కూతురుంది. ఇంకో సంగతి, మనలో చాలామందికి బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. ఆత్మహత్యకి అది వర్తించదు. మనిషి పోయుంటే, ఆ కాగితంలో ఉన్న ఒక్క క్రియాపదం మా మరదలి నోట్లో మట్టి కొట్టేది. మూడుసార్లు తిరిగి, మా అమ్మాయి ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడితే తప్ప మార్చలేదు. నేను మాట్లాడిన మాటే ఆమే మాట్లాడింది. భాషే తేడా.

ఆ కుర్రాడు దుర్మార్గుడు కాదు. రెండో రోజు తనంతట తనే వచ్చి నాడి చూశాడు, మంచిగా మాట్లాడాడు. కోపం కాదు, నాకు ఆశ్చర్యం. అతని బుర్రలో పల్లెటూరి రైతుకి రెండే బొమ్మలున్నాయి. ఒకటి తాగుబోతు, రెండోది అప్పులకి ప్రాణం తీసుకునేవాడు. పని చేస్తూ పనిలో దెబ్బతిన్న మనిషి అనే మూడో బొమ్మ లేదు. ఫ్యాక్టరీలో గ్యాసు లీకై పడిపోయినవాణ్ణి తీసుకొస్తే ఇంట్లో గొడవైందా అని అడుగుతారా? 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ గాలి పీల్చి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళెవరూ తాగలేదు. మన పనిలో ఇట్లాంటిది జరుగుద్దని పేపర్లు రాశాయి, ప్రభుత్వాలు విచారణ చేశాయి. అయినా చొక్కా తీయడానికి ముందు అప్పుల గురించి అడుగుతారు.

ఈ బొమ్మలు ఎక్కడ తయారవుతాయి? మా పెద్దమ్మాయి ఇప్పుడు ఒక ప్రభుత్వ కాలేజీలో హౌస్ సర్జన్ చేస్తోంది. ఐదేళ్ళుగా సెలవులకి వచ్చినప్పుడల్లా వంటింట్లో కూర్చుని వాళ్ళమ్మకి చెప్పుకునే కబుర్లు చెవిన పడుతూ వచ్చాయి. తమ్ముడి సంగతి జరిగాక ఒక రాత్రి కూర్చోబెట్టి అన్నీ అడిగా.

పదో తరగతి దాకా మన జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. సీటు బీసీ రిజర్వేషన్లో వచ్చింది, అందులో దాచేదేముంది. కాలేజీలో అడుగుపెట్టిన మొదటి వారం అందరూ అడిగే ప్రశ్నలు రెండు. ర్యాంకెంత, కేటగిరీ ఏంటి. నేరుగా కులం పేరు అడిగితే తప్పని ఇప్పటి పిల్లలకి తెలుసు. అందుకని చుట్టూ తిరిగి అడుగుతారు. ఇంటిపేరేంటి? నాన్నగారేం చేస్తారు? వ్యవసాయం అంటే, “ఓహో, ఎన్నెకరాలు?” ఈ చివరి ప్రశ్న చూశారా! యాభై ఎకరాలంటే ఒక కులం, ఎకరంన్నర అంటే ఇంకో కులం, కౌలు అంటే మరొకటి. లెక్క వాళ్ళే కట్టేసుకుంటారు. మా అమ్మాయి “మూడు” అందట. అవతలి పిల్ల “నైస్” అని వేరే పక్కకి తిరిగిందట.

తిట్టలేదు, కొట్టలేదు. ఫిర్యాదు చేయడానికి ఏముంది? వైవాలో జవాబు కరెక్టుగా చెబితే “పర్లేదే, జెడ్పీ స్కూలైనా బాగానే చెప్పావు” అని ఒక మాస్టారు మెచ్చుకున్నారు. మెచ్చుకోలే అది. కానీ పక్కపిల్ల అదే జవాబు చెబితే “గుడ్” అంటారు, ఆమె స్కూలు పేరెత్తరు. ఈమె పలికే ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకుని క్లాసులో నలుగురు ఏడాదంతా దాంతోనే పిలిచారు. ఆపరేషన్ థియేటర్లో లోపల నిలబడే అవకాశం ఎవరికి, బయట కాగితాలు రాసి రక్తం శాంపిళ్ళు మోసే పని ఎవరికి అని ఎవరూ రూలు రాయలేదు, కానీ ఆ పంపకం ఎప్పుడూ ఒకే రకంగా పడుద్ది. “నాన్నా, ఒక్కోటీ చూస్తే ఏమీ లేనట్టే ఉంటది. చేలో ఒక పేనుబంక పురుగు కనపడితే నువ్వు మందు కొట్టవు కదా. అట్లాంటిదే” అంది. రైతు కూతురు, ఉపమానం కూడా చేలోదే వస్తది.

మొదటి ఏడాది అయ్యేసరికి క్లాసులో నోరు తెరవడం మానేసిందట. తెలిసినా చెప్పదు. నాకది కొత్త. ఇంట్లో ఈ పిల్ల నోరు మూయించడం మా ఆవిడ వల్లే కాదు.

ఆమె రూమ్మేటు ఎస్సీ అమ్మాయి. ఆ పిల్లకి మా అమ్మాయికి పడినదానికి రెట్టింపు పడింది. ఓపెన్ కేటగిరీలోనే సీటొచ్చే ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. ఎవరికి చెప్పినా నమ్మేవాళ్ళు కాదట, “నిజమా? ఏదీ చూపించు” అనేవాళ్ళట. ర్యాంకు కార్డు ఫోన్లో పెట్టుకు తిరిగింది రెండేళ్ళు.

ఇదంతా ఒక్క కాలేజీ గొడవ అనుకోకండి. ఢిల్లీ ఎయిమ్స్, దేశంలో అన్నిటికంటే పెద్ద వైద్య కాలేజీ. అక్కడ ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష ఉందన్న ఆరోపణల మీద 2006లో ప్రొఫెసర్ సుఖదేవ్ థొరాట్ నాయకత్వంలో కేంద్రం కమిటీ వేసింది. 2007లో నివేదిక వచ్చింది. హాస్టల్లో ఆ పిల్లలు వేధింపులు పడలేక పై అంతస్తుల్లో ఒకచోటికి చేరిపోయారని, మెస్సులో, ఆటల్లో వేరుగా ఉండిపోవాల్సి వచ్చిందని, పరీక్షల్లో, మాస్టార్ల తీరులో తేడా ఉందని ఆ పిల్లలు చెప్పింది అందులో నమోదు చేశారు. 2019 మే 22న ముంబైలో పాయల్ తడ్వి అనే యువ డాక్టరు ప్రాణం తీసుకుంది. గైనకాలజీ పీజీ చదువుతోంది, ఆదివాసీ కుటుంబం. కులం పేరుతో సీనియర్లు వేధించారని వాళ్ళమ్మ ఫిర్యాదు చేస్తే ముగ్గురు డాక్టర్ల మీద కేసు పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు గుర్తుంది. మా అమ్మాయి అప్పటికి స్కూల్లో ఉంది, డాక్టరవుతానని అంటోంది. పేపరు మడిచి దాచేశా.

పాత సంగతి ఒకటి చెప్తా. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినే ఉంటారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది అక్కడి సర్జరీ ప్రొఫెసరు, తెల్లదొర, బ్రాడ్‌ఫీల్డుకి నచ్చలేదు. చదువులో వెనకబడ్డవాడు కాదు, అయినా ఎంబీబీఎస్ ఇవ్వలేదు, అంతకంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. ఆయన తర్వాత అమెరికా పోయి చేసిన పనుల్లో ఒకటి మీ అందరి నోట్లోంచి వెళ్ళింది. బోదకాలు రాకుండా ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి ఆశా కార్యకర్త దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర, అది మనుషుల బోదకాలు జబ్బుకి పనికొస్తుందని తేల్చింది ఆయన దగ్గర పనిచేసిన బృందమే. ఇప్పటికీ క్యాన్సర్‌కీ కీళ్ళవాతానికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచి వచ్చిందే. బట్ట చూసి మార్కులేసే రోజుల్లో కూడా ఆయన ఎదిగాడు కదా అని ఎవరైనా అంటారేమో. ఆయన ఒక్కడు ఎదిగాడు. ఆ బట్టకే ఆగిపోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

సరే, మన పంచె దగ్గరికి వద్దాం. తెలుగులో ఉన్న సౌకర్యం ఏంటంటే అవమానించడానికి తిట్టక్కర్లేదు. ‘నువ్వు’ అంటే చాలు. నాకు 58 ఏళ్ళు. షుగరు చూపించుకోవడానికి పోతే పాతికేళ్ళ పిల్లాడు “నువ్వు అన్నం తగ్గించాలి, అర్థమైందా?” అంటాడు. నా వెనక వచ్చిన బ్యాంకు ఉద్యోగి, నాకంటే పదేళ్ళు చిన్న, “మీరు కూర్చోండి సార్, మీరు కొంచెం డైట్ చూసుకోవాలండీ.” జబ్బు ఇద్దరిదీ ఒకటే, మాత్ర కూడా ఒకటే. తేడా ఇస్త్రీ చొక్కాది.

ఇందులో మర్యాద ఒక్కటే పోలేదు, వైద్యం కూడా పోయింది. బ్యాంకాయనకి మాత్ర ఎందుకో, ఎప్పుడు మానకూడదో పది నిమిషాలు చెప్పారు. నాకు “రోజూ గంట నడువు” అన్నారు. పొద్దున్న అయిదింటికి చేలోకి పోయి పదింటిదాకా కాలు నిలవని మనిషికి! మాత్ర మూడు పూటలా తిన్నాక వేసుకోమని రాశారు. మనం తినేది ఎన్ని పూటలో అడగలేదు. కోతల రోజుల్లో మధ్యాహ్నం అన్నం మూడింటికి కూడా తింటాం, ఆ లోపల కళ్ళు తిరిగి గట్టు మీద పడితే ‘చెప్పింది వినడు’ అని రాసుకుంటారు. దానికి వాళ్ళ భాషలో నాన్‌కంప్లయంట్ అని ఒక మాట ఉందట. మా అమ్మాయి చెప్పింది, ఆ మాట కేస్ షీటులో ఒకసారి పడితే ఆ తర్వాత వచ్చే డాక్టర్లందరూ ఆ కళ్ళద్దాలతోనే చూస్తారని.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. కాన్పు గదిలో నొప్పులకి అరిస్తే అనే మాటలు ఇక్కడ రాయలేను, మీ ఇళ్ళలో అడగండి, చెప్తారు. చెంప మీద కొట్టినవాళ్ళూ ఉన్నారు. “పల్లెటూరోళ్ళు గట్టిగా ఉంటారు, ఓర్చుకుంటారు” అని నొప్పి మందు ఆలస్యం చేయడం ఒకటి. మా మేనకోడలికి కుట్లు వేసేటప్పుడు ఈ మాటే అన్నారు. గట్టిదనం ఏంటండీ, నాటు వేసే చేతికి చర్మం మందమవుద్దేమో గానీ నరం మందమవుద్దా? మీకు తెలియాల్సిన ఒక విషయం. ప్రభుత్వాస్పత్రిలో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. 2017 చివర్లో లక్ష్య అనే కార్యక్రమం పెట్టి కాన్పు గదిలో గౌరవంగా చూడటం కూడా నాణ్యతలో భాగం అంది. ఎవరూ మనకి చెప్పరు, మనమే అడగాలి. తల్లో అత్తో పక్కనుంటే ఆ మాటలు సగం తగ్గుతాయి.

మనిషికి చెడ్డ బుద్ధి ఉంటేనే ఇట్లాంటివి జరుగుతాయా? కాదు. కరోనాలో మనమంతా వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ కొన్నాం గుర్తుందా. 2020లో అమెరికాలో మిషిగన్ డాక్టర్లు ఆస్పత్రి లెక్కలు తీసి చూస్తే, ఒంట్లో ఆక్సిజన్ పడిపోయినా మిషన్ బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళలో మూడింతల దాకా ఎక్కువ జరుగుతోందని తేలింది. మిషన్‌కి కులం లేదు, రంగు మీద కోపం లేదు. అది వెలుతురుతో చూస్తది, నల్ల చర్మం దగ్గర లెక్క తప్పుతోంది. తయారుచేసినవాళ్ళు నల్ల చర్మం మీద చాలినంతగా చూసుకోలేదు. మా తమ్ముణ్ణి చూసిన కుర్రాడూ అంతే. పల్లె మీద చూసుకోకుండా తయారై వచ్చాడు.

డాక్టర్ల తరఫున కూడా ఒక మాట. ఒక పూట ఓపీలో వందమందిని చూడమంటారు. మా అమ్మాయి ముప్పై గంటలు నిలబడి ఇంటికి ఫోన్ చేసినప్పుడు గొంతు గుర్తుపట్టలేం. అంత అలసటలో మనిషి ఆలోచించడు, బుర్రలో ముందే ఉన్న బొమ్మ తీసి వాడతాడు. అందుకే ఆ బొమ్మ ఎవరు పెట్టారన్నది ముఖ్యం.

మనవాళ్ళేం తక్కువ తినలేదు లెండి. మన పీహెచ్‌సీకి కొత్త డాక్టరమ్మ వస్తే ఊళ్ళో మొదటి ప్రశ్న ఏంటి? “ఎవరి తాలూకట?” తెలుసుకునేదాకా నిద్రపట్టదు. తెలిశాక కొందరు టౌనుకి బస్సెక్కుతారు. తెల్లకోటు వేసుకుని స్టెతస్కోపు మెడలో ఉన్న పిల్లని పట్టుకుని “సిస్టరమ్మా, డాక్టరు గారెప్పుడొస్తారు?” అంటారు. మా అమ్మాయికి ఇది వారానికి పదిసార్లు. ఇంటికొచ్చి బీపీ చూసే ఏఎన్ఎం కులం చూసి గ్లాసు మార్చే ఇళ్ళు మనూళ్ళో ఉన్నాయి, ఏ వీధిలోనో మీకూ తెలుసు. అక్కడ పెద్ద డాక్టరు చూపు గురించి మాట్లాడేటప్పుడు ఈ గ్లాసు సంగతి వదిలేస్తే లెక్క తప్పుద్ది.

ఇక మా అమ్మాయి నోరు మళ్ళీ ఎట్లా తెరిచిందో చెప్పాలి. మూడో ఏడాది వార్డులో పోస్టింగు. ఒక పెద్దావిడ కోడల్ని తీసుకొచ్చి, “మా కోడలు నీళ్ళోసుకుని మూణ్ణెల్లయిందమ్మా, నిన్నటి నుంచి ఎర్ర కనపడతంది” అంది. కేసు రాసుకుంటున్న కుర్రాడు, టౌను పిల్లాడు, మూడు నెలలుగా స్నానం చేయలేదని అర్థం చేసుకుని కిసుక్కున నవ్వాడు. పక్కవాడికి ఇంగ్లీషులో చెప్పాడు, వాడూ నవ్వాడు. మా అమ్మాయి వెనక వరసలో నిలబడుంది. “సార్, మూడో నెల గర్భం, రక్తస్రావం అవుతోంది” అని ముందుకొచ్చింది. మాస్టారు వెంటనే స్కానింగుకి పంపారు. ఆ తర్వాత నుంచి పల్లె పేషంటు వస్తే “ఆ అమ్మాయిని పిలవండి” అనడం అలవాటైంది.

నేను సంతోషపడ్డా. ఆమె అంత పడలేదు. “పిలుస్తారు నాన్నా, చెప్పించుకుంటారు, తర్వాత వెనక్కి పొమ్మంటారు. దుబాసీలాగా” అంది. కేసు ప్రజెంట్ చేసేది ఆ నవ్వినవాడే. ఆమె నోట్లోంచి వచ్చిన చరిత్ర వాడి పేరు మీద పోయింది. ఆ మాట మాస్టారుతోనే అనేసిందట ఒక రోజు, “సార్, ఈ కేసు నేను చెప్తాను” అని. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని “చెప్పు” అన్నారట. అంతే. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదంటే అబద్ధం, కానీ ఆమె మాత్రం వెనక వరసలోకి పోలేదు.

2019 నుంచి ఎంబీబీఎస్ చదువు మార్చారు. మొదట్లోనే ఫౌండేషన్ కోర్సు, అందులో స్థానిక భాష కూడా, రోగితో ఎట్లా మాట్లాడాలన్నది పాఠంగా పెట్టారు. ఆ తర్వాత ఎంబీబీఎస్ పిల్లలు కొన్ని పల్లె కుటుంబాలని దత్తత తీసుకుని చదువుతున్నంత కాలం వచ్చి చూసిపోవాలన్న నిబంధన కూడా వచ్చింది. కాగితం మీద బాగుంది. కొన్ని కాలేజీల పిల్లలు బస్సులో వచ్చి, ఫోటో దిగి, బీపీ చూసి పోతున్నారు. మీ ఊరికి వస్తే అట్లా పోనివ్వకండి. చేలోకి తీసుకెళ్ళండి. పంపు వీపుకి తగిలించి ఎంత బరువుందో చూడమనండి. ట్యాంకు ఎక్కడ కారుద్దో, గాలి తిరిగితే ఎక్కడ పడుద్దో చూపించండి. మధ్యాహ్నం అన్నం ఎప్పుడు తింటామో, ఇన్సులిన్ ఫ్రిజ్ లేని ఇంట్లో కుండ పక్కన ఎట్లా పెట్టుకుంటామో చూసి పోతారు.

ఆస్పత్రికి పోవాల్సి వస్తే, మా ఇంట్లో ఇప్పుడు అందరికీ చెప్పి పెట్టిన సంగతులు మీకూ చెప్తా. ‘మందు కొట్టాడు’ అనొద్దు. “చేలో పురుగుమందు పిచికారీ చేస్తుంటే ఒంటి మీద పడింది, నోట్లోకి పోలేదు” అనండి, పూర్తి వాక్యం. బయల్దేరే ముందే తడి బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడగండి, కడిగేవాళ్ళు చేతులకి కవరైనా చుట్టుకోండి. డబ్బా గానీ దాని మీద కాగితం ఫోటో గానీ వెంట ఉండాలి, విరుగుడు ఏంటో దాని మీదే అచ్చేసి ఉంటది, డాక్టరుకి అది చాలా పనికొస్తది. కేస్ షీటులో ఏం రాశారో చదివి వినిపించమని అడగండి. మీ వైద్యం కాగితాలు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. దయ కాదది. ఎవరైనా ‘నువ్వు’ అంటే మీరు మాత్రం ‘మీరు’ అనే మాట్లాడండి, పదినిమిషాల్లో అవతలి మనిషికి తనంతట తనకే ఇబ్బందిగా ఉంటది. నేను చేసి చూశా, మూడింట రెండుసార్లు పనిచేసింది.

మా అమ్మాయి ఇప్పుడు ఒక నోటుబుక్కు రాస్తోంది, జూనియర్ల కోసం. పల్లె జనం జబ్బు చెప్పుకునే మాటలు, వాటికి డాక్టరు అర్థం చేసుకోవాల్సింది. నీళ్ళోసుకోవడం, కడుపులో దేవడం, కళ్ళు బైర్లు కమ్మడం, కాళ్ళు పీకడం, తెల్లబట్ట, వేడి చేయడం, ఇట్లా ఇప్పటికి నూటపదిహేను దాకా అయినయ్. ‘వేడి చేసింది’ అన్న ఒక్క మాటకే ఏడు అర్థాలు తేలినయ్. పల్నాడు మాటలే ఎక్కువున్నయ్. శ్రీకాకుళం వైపు, పాలమూరు వైపు, అనంతపురం వైపు ఏమంటారో మాకు తెలియదు. ఈ పోస్టు చదివే ఆ జిల్లాల వాళ్ళు మీ ఇంట్లో ముసలమ్మలని అడిగి రాసి పంపండి. అర్థం కూడా రాయండి. ‘మందు కొట్టడం’ మొదటి పేజీలో రాసేసింది.